అర్వా పేరిట నీళ్లు

నషూ, నా బంగారు కొండా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. ఎక్కడైనా కూర్చో. అర్వా లేదు నాయనా. నీ చెల్లి, మన అర్వా.

మసీదులో ఆడవాళ్లకు నేర్పిన నాలుగక్షరాలు ఇది రాయడానికేనా నేర్చుకున్నాను? వానల్లేక ఊరి తొట్టి ఎండిపోయింది. పక్కింటి తుర్కియా కూతురు హమామాతో కలిసి అర్వా కొండ పైనున్న ఊటకు పోతోంది. ఆ పొద్దున లేవలేక లేచింది. "అమ్మా, కాళ్లు నావి కానట్టున్నాయే" అంది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. దిగేటప్పుడు రాతి మలుపు దగ్గర తూలి లోయలోకి పడిపోయింది.

గాడిద మాత్రం ఇల్లు చేరింది, వీపు మీద డబ్బాలు రెండూ నిండుగా. ఆ నీళ్లతోనే అర్వాకు చివరి స్నానం చేయించారు. నాకు ఏడుపు కూడా రావడం లేదు. పొద్దుటి నుంచి తలుపు వైపే చూస్తున్నాను.

నీ అమ్మ,
హుర్రియా

*

అమ్మా,

బట్టీ ముందు నిలబడే చదివాను. రొట్టెలు మాడిపోయాయి. యజమాని తిట్టబోయి, నా మొహం చూసి తనే పార అందుకున్నాడు. నేను పంపిన ఎర్ర చెప్పులు దానికి సరిపోయాయా? ఆ సంగతి కూడా అడగలేదు.

అమ్మా, ఇక్కడ ఏడెన్‌లో పోయినవాళ్ల పేరిట వీధి వీధినా సబీళ్లని చలివేంద్రాలు పెడతారు. దారినపోయేవాడు తాగే ప్రతి గుక్క పుణ్యం పోయినవాళ్లకు చేరుతుంది. అర్వా పేరిట మనమూ పెడదాం. ఆ ఊట నుంచి గొట్టం దింపి, మసీదు గోడ పక్కన ట్యాంకు కట్టిద్దాం. ఇక ఏ ఆడపిల్లా ఆ మలుపు తొక్కకూడదు. సామానుతో సహా మేస్త్రీని ఈ లారీలోనే పంపుతున్నాను. వాడికి కాఫీ ఇవ్వు, నసపెడితే భరించు.

నీ కొడుకు,
నష్వాన్

*

నషూ, నా కంటి వెలుగా,

వచ్చాయిరా నీళ్లు! కుళాయి తిప్పగానే ముందు గాలి వచ్చింది, తర్వాత బురద, తర్వాత తళతళా మెరిసే నీళ్లు. పిల్లలు అరిచిన అరుపులకు మేకలు తాళ్లు తెంపుకున్నాయి.

ఊళ్లో ఎవరూ వేరే నీళ్లు ముట్టడం లేదు. తాగినవాళ్లంతా "అర్వాకు దేవుడి దయ కలగాలి" అని గ్లాసు బోర్లిస్తారు. దాహం లేనివాళ్లు కూడా ఆగి ఓ గుక్క తాగుతున్నారు. అర్వా నీళ్లు కాదంటే అర్వాను కాదన్నట్టే కదా! తుర్కియా సంగతి నీకు తెలుసుగా, "బతికుండగా మా ఇంటికొస్తే ఉన్న నీళ్లు తాగిపోయేది, ఇప్పుడు ఊరందరికీ పోస్తోంది చూడు, గడుసుది!" అంది. అని, నా మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అర్వా పోయాక నాకు కన్నీళ్లు రావడం అదే మొదలు.

మసీదు షేక్ గారు ఒక్క మాట చెప్పారు. దాహానికని ఇచ్చేసిన నీళ్లు దేవుడివట. ఇచ్చినవాళ్లు కూడా తిరిగి తీసుకోకూడదట. సంతోషమనిపించింది. దాని పుణ్యం ఎన్నటికీ ఆగదు. నాకు నిద్ర పడుతోంది నాయనా.

నీ అమ్మ

*

అమ్మా,

లారీ బయల్దేరుతోంది, రెండు ముక్కలే రాస్తున్నాను. ఇక్కడ కలరా. ఆసుపత్రి వరండాలో కూడా జనమే. మన కొండల్లోనూ మొదలైందంటున్నారు, నిజమేనా? ఎక్కడబడితే అక్కడ తాగకు. అర్వా సబీలు ఉంది కదా, ఊట నీళ్లు, వాటితో భయం లేదు. అవే తాగు, అందరితోనూ అవే తాగించు.

నష్వాన్

*

నషూ, నా తండ్రీ,

వద్దు. ఎవరితోనూ తాగించొద్దు.

నీ ఉత్తరం వచ్చేసరికే ఇంటింటా వాంతులు, విరేచనాలు. మసీదులో అజాన్ చెప్పే తాత పోయాడు. తుర్కియా చంటిదాన్ని పట్నం మోసుకుపోయారు. అక్కడి నుంచి ఒక నర్సమ్మ వచ్చి సబీలు నీళ్లు సీసాలో పట్టుకెళ్లింది. మళ్లీ వచ్చి, "రోగం ఈ నీళ్లలోనే ఉంది. పై ఊరి మరుగుదొడ్ల గుంటలు మీ ఊట నెత్తినే ఉన్నాయి. ఆ మురుగు రాళ్ల సందుల్లోంచి దిగుతోంది" అంది. ఆమె మొహాన ఉమ్మేయాలనిపించింది.

"మొదట ఎవరికొచ్చింది?" అని అడిగింది. అందరూ తాత పేరే చెప్పారు. వెనక నుంచి హమామా గొంతు వినపడింది. "కాదు. అర్వాకు. ఆ రోజు దారి పొడుగునా పొదల చాటుకు పోతూనే ఉంది. ఊట దగ్గర వాంతి చేసుకుంది. 'అమ్మకు చెప్పకు, నన్ను పడుకోబెట్టి తనే నీళ్లకొస్తుంది' అంది."

అందరూ నా వైపు చూశారు. మలుపు కాదురా దాన్ని చంపింది. ఆ నీళ్లే. దాన్ని చంపిన నీళ్లకే దాని పేరు పెట్టి, ఊరందరి నోట్లో పోశాం.

అయినా తాగడం మానలేదు నాయనా! తుర్కియా గ్లాసు పట్టుకుని నా మీదికొచ్చింది. "అర్వా నా బిడ్డను చంపుతుందా? ఆ పిల్లను నీకంటే ఎక్కువ ఎత్తుకున్నాను నేను!" అంటూ నా ఎదుటే తాగబోయింది. గ్లాసు లాగి పారేశాను. కాచుకుని తాగితే చాలని నర్సమ్మ మొత్తుకుంటే, "సబీలు నీళ్లను కాయడమా? పోయిన పిల్లను అనుమానించడమే అది" అన్నారు. కుళాయి మూసేద్దామంటే షేక్ గారు, "హుర్రియా, అవి నీవి కావు, దేవుడివి. కట్టేస్తే నీ బిడ్డ పుణ్యం నువ్వే తెంచినట్టు" అన్నారు.

తెంచాను నషూ. రాయి తీసుకుని కుళాయి విరిచాను, గొట్టం చితక్కొట్టాను. "దేవుడు అడిగితే నేను చెప్పుకుంటాను. కన్నది నేను" అన్నాను. ఎవరూ నన్ను ఆపలేదు. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఇక దాని కోసం దువా చేసే నోరు ఈ ఊళ్లో లేదనుకున్నాను.

ఇవాళ తుర్కియా వచ్చింది. చంటిది బతికిందట, కానీ ఆ మాట నాతో అనలేదు, గోడతో అన్నట్టు అంది. ఇంకా పొగ వాసన పోని చెంబు గడపలో పెట్టి, "కాచినవే. తాగు" అంది. తాగాను. నా మొహం చూడకుండానే చెంబు తీసి బోర్లించింది. "అర్వాకు దేవుడి దయ కలగాలి" అంది.

నీళ్లు కాచుకోవడం కూడా అర్వా కోసమేనని తుర్కియా ఇప్పుడు ఇంటింటికీ తిరిగి చెబుతోంది. ఈసారి గొట్టం మురుగు చేరని ఏ చోటు నుంచి వేయాలో చూపిస్తానంది నర్సమ్మ.

నిన్ను నువ్వు తిట్టుకోకు. మనకు తెలీదు. అక్కడ ఎవరి పేరిట పెట్టిన నీళ్లయినా సరే, కాచుకునే తాగు. రొట్టెలు కాల్చేవాడివి, నిప్పుకు కొదవేముంది?

ఇట్లు నీ అమ్మ హుర్రియా అడిగేది ఒక్కటే. వేళకు కడుపునిండా తిను నాయనా.