గ్రీకువాళ్లు, మన మోటరు రూం తాళంచెవి

చిరంజీవి అంకితకు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమూ బాగున్నాం, బర్రెలూ బాగున్నాయి. మీ బాపు ఒంట్లో కూడా బాగానే ఉంది, మూతి మాత్రం ముడుచుకుని తిరుగుతున్నాడు. ఎందుకో చివర రాస్తాను. ఫోన్ చేస్తే పక్కనే కూర్చుని వింటాడు కాబట్టి, ఈ ముచ్చటకు కాగితమే నయం.

నీ ఎం.ఏ. పాఠంలోదని నువ్వు రాసిన, రెండు వందల ఏళ్ల కిందటి గ్రీకువాళ్ల సంగతి మళ్లీ మళ్లీ చదివాను. ఒకపక్క టర్కీ సుల్తాను సైన్యంతో కొట్లాడుతూనే, ప్రతినిధులంతా ఎపిడారస్ అనే ఊళ్లో కూర్చుని రాజ్యాంగం రాసుకున్నారా! చట్టం చేసేది ఒక సభ, పాలన నడిపేది ఇంకొకటి, తీర్పు చెప్పేవాళ్లు ఈ రెండింటికీ సంబంధం లేనివాళ్లు. పదవి ఏడాదికేనట. పైగా అప్పటికే ఒక్కో ప్రాంతానికి ఒక్కో పెద్దల సభ ఉండేదట. చదువుతుంటే మన గ్రామ కమిటీవాళ్లే కళ్ల ముందు కనిపించారు.

గెలవకముందే వాళ్లకు రాజ్యాంగం ఎందుకమ్మా అని అడిగావు. కష్టంలో ఉన్నప్పుడే ఒకరి మాట ఒకరు వింటారు, గెలిచాక ఎవరు వింటారే? అట్లా రాసుకున్నాక కూడా రెండేళ్లకే తమలో తాము కొట్టుకున్నారని చదివి దిగులేసింది. కాగితం మీద అధికారం పంచుకున్నారు సరే, తుపాకులు ఎవరి చేతుల్లో ఉన్నాయి? అది నువ్వు రాయలేదు.

పసుపు ఎట్లా ఉందని అడిగావు కదా. మన చేన్లో దుంప బాగానే ఊరుతోంది. మొన్నటిదాకా ఎండిపోయింది ఈరవ్వ చేనే. గట్టు తగాదా కమిటీకి చెప్పకుండా మండలాఫీసుకు పోయిందని, ఊరి మోటరు నుంచి ఆమెకు వచ్చే నీటి వంతు ఆపేశారు. ఊళ్లో ఎవరూ ఆమెను పలకరించొద్దన్నారు. కులానికొక పెద్దమనిషి కూర్చునే ఆ కమిటీకి అధ్యక్షుడు మీ బాపే. మొగుడు లేని మనిషి, ఆ పసుపు మీదే బతకాలి. ఆకులు చుట్టుకుపోతుంటే చూసి నాకు అన్నం సయించలేదు.

ఇక అసలు సంగతి. మొన్న కమిటీ కూర్చుంటే చాయ్ తీసుకుపోయి, తిరిగి రాకుండా అక్కడే నిలబడ్డాను.

"నియమం పెట్టింది మీరే, తీర్పు జెప్పింది మీరే, మోటరు రూం తాళంచెవి గూడ మీ జేబులనే. గిట్లుంటే ఆమె మండలాఫీసుకు పోక ఏడికి పోతది?" అన్నాను.

కమిటీలోనే ఉన్న మీ దశరథం మామ కప్పు కింద పెట్టి, "అక్క అడిగినదాంట్ల తప్పేమున్నది?" అన్నాడు.

మీ బాపు తాళంచెవి చాప మీద పడేసి, "గట్లయితే నాకెందుకీ పెద్దరికం?" అని లేచి వచ్చేశాడు. మిగిలినవాళ్లు ఆ తాళంచెవిని కమిటీతో సంబంధం లేని రుక్మాబాయికి అప్పగించారు. ఈరవ్వ చేనుకు ఆ రోజే నీళ్లు పారాయి.

"గీ మాటలు నీకు ఎవలు నేర్పిండ్రు?" అని ఇంటి దగ్గర అడిగాడు. నీ ఉత్తరంలోని గ్రీకువాళ్లని నిజం చెప్పేశాను, కోపగించకు. అప్పటినుంచే ఆ ముడుచుకున్న మూతి. నా వల్లనే కదా అని బాధగానే ఉంది.

ఇవాళ చాయ్ అందుకుంటూ, నా మొహం చూడకుండానే అడిగాడు. "గా గ్రీకోళ్లల్ల ముందుగాల పెద్దమనిషైనాయన పదవి దిగినంక, ఎవలన్న పలకరించిండ్రా?"

నాకేం తెలుసు బిడ్డా! నువ్వే పుస్తకంలో చూసి రాయి. పలకరించి ఉంటే ఉత్తరం మీ బాపు పేరున రాయి. లేకుంటే నా పేరున రాయి.

ఇట్లు,
మీ బాపు కోపం పోవాలని చూస్తున్న నీ అమ్మ,
భాగ్యలక్ష్మి