నీ కొలతకి చేసిన తుపాకి

శాల్మన్ ఊరి నుంచి,
ఆగస్టు నెల, సోమవారం.

చిరంజీవి మార్లిస్‌కి,

అక్క నోరీన్ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, కుక్కా, నాన్న నాకిచ్చిన కంచర గాడిదలూ. మీ బావ ఎల్డన్ కులాసా సంగతి నాకంటే నీకే బాగా తెలియాలి. సరుకుల వంకన నీ కొండెక్కి నీకు కనబడుతూనే ఉన్నాడు కదా.

నీ ఉత్తరం అందింది. అంత ఎత్తున అద్దాల గదిలో ఒక్కదానివీ కూర్చుని, అడవిలో ఎక్కడ పొగ లేస్తుందా అని చూసి చూసి కళ్లు కాయలు కాస్తున్నాయని రాశావు. ఏం చేస్తాం తల్లీ, జీతం ఇచ్చేది అందుకే. ఇంట్లో పొగ కనిపెట్టడం నా ఉద్యోగం. దానికి జీతం లేదు కాబట్టి కాస్త ఆలస్యంగా చూశాను. ఇదంతా రేడియోలో చెబుదామంటే ప్రతి కొండ మీదా నీలాంటిది ఒకత్తె చెవులు రిక్కించుకుని ఉంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

స్వెటర్ అయిందా, బావ మోకాలు ఎలా ఉంది, బావ తుపాకి పూర్తయిందా అని అడిగావు. అన్నిటికీ జవాబు చెబుతాను, తొందరపడకు.

స్వెటర్ ఒళ్లంతా అయింది. కుడిచెయ్యి అయింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఆగింది. ఎందుకు ఆగిందో తరవాత చెబుతాను.

మోకాలు దివ్యంగా ఉంది. మిగతా కొండల మీద నిఘా గదులకి కూడా మీ బావే కదా సరుకులు మోసేది. అక్కడ పెట్టెలు దింపేసి, పెట్టిన కాఫీ తాగేసి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడు. నీ దగ్గరికొచ్చినప్పుడే ఆ మోకాలికి ఏదో అవుతుంది. రెండు రాత్రులు పడుకుంటే గానీ దిగలేడట. పాపం, నువ్వే ఏదో మందు రాస్తున్నట్టున్నావు.

ఇక తుపాకి సంగతి.

మంచు కరుగుతున్న రోజుల్లో మొదలుపెట్టాడు. "ఇన్నేళ్లూ మా నాన్న తుపాకి పట్టుకునే తిరిగానే నోరీన్. ఒక్కటైనా నా ఒంటికి తగినట్టు, నాకంటూ చేయించుకుంటాను" అన్నాడు. నేను మురిసిపోయాను. మన లోయలో మగాళ్లు పెళ్లాన్ని ఎంచుకోవడానికైనా అంత ఆలోచించరు గానీ, మొదటిసారి తుపాకి కట్టించుకోవాలంటే మాత్రం నిద్రాహారాలు మానేస్తారు కదా. ఇద్దరం వంటింటి బల్ల మీద తుపాకి సామాన్ల కేటలాగులు పరుచుకుని కూర్చునేవాళ్లం. పెళ్లైన కొత్తలో తప్ప అంత దగ్గరగా కూర్చున్నది లేదు. భుజానికి ఆనించే భాగానికి వాల్‌నట్ కొయ్య ఏరింది నేనే. తేనె రంగు చారలున్నది చూసి "ఇదే తెప్పించు" అన్నాను. నీ ఉత్తరంలో "వాల్‌నట్ కొయ్య బాగా తేలిందా" అని అడిగావు చూడు, అది వాల్‌నట్ అని నేను నీకెప్పుడూ రాయలేదే అమ్మడూ.

మొదట బోల్టు వచ్చింది. తూటా ఎక్కించడానికి లాగి తోసే పిడి ఉంటుందే, అది. చూస్తే ఎడమ పక్కనుంది.

"ఇదేంటయ్యా, ఎడమచేతివాళ్లది పంపారు! వెనక్కి పంపించు" అన్నాను.

"తెలిసే తెప్పించానే. ఎడమచేతిదైతే నున్నగా ఆడుతుందంట."

"నువ్వు ఎడమచేత్తో చెంచా కూడా పట్టలేవు కదా!"

"నేర్చుకుంటాలే. నీదంతా చాదస్తం."

తరవాత గొట్టం వచ్చింది, సన్నంగా, పొట్టిగా. గుర్రం మీద బరువుండదన్నాడు. తూటా కూడా చిన్నదే ఎంచాడు. వయసు మీద పడుతోంది, భుజం అదురు తట్టుకోలేనన్నాడు. పైన బిగించే దుర్భిణి వచ్చింది. అది కంటికి ఎడంగా పెట్టి చూసేది, కళ్లజోడు పెట్టుకునేవాళ్లు కొనుక్కునేది. మీ బావకి అవతలి గట్టు మీద దుప్పి తోకాడిస్తే కనబడుతుంది, ఆయనకెందుకూ? "రేపెప్పుడో కళ్లజోడు రాదా?" అన్నాడు. నిజమేననుకున్నాను. ఒక్కో వస్తువుకీ ఒక్కో కారణం చెప్పాడు, నేను ఒక్కోటీ నమ్మాను. అన్నీ కలిపి చూడాలని నాకు తట్టలేదు. ఎంత మొద్దునో చూడు.

పోయిన వారం తుపాకులు కట్టే ట్రూడీకి అడవి హకిల్‌బెర్రీ పళ్ల జామ్ ఇద్దామని వెళ్లాను. ఆవిడ సంగతి తెలుసుగా, నోట్లో సిగరెట్టయినా ఆరుతుంది గానీ మాట ఆగదు. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఏమే, మీ ఆయన చేతులు చలికి గానీ కుంచించుకుపోయాయా?"

"ఏమైంది?"

"కొలత ఇవ్వడానికి రావయ్యా అంటే రాడు. మోచేతి మడత నుంచి వేలి కణుపు దాకా కొలిచానని ఇదిగో, ఈ తాడు ముక్క పంపాడు. దీని లెక్కన కొయ్య కోశాననుకో, వాడంత పొడుగోడు పేల్చగానే బొటనవేలొచ్చి ముక్కుని పగలగొడుతుంది. పైగా కొయ్య భుజానికి ఆనే చోట మెత్తని రబ్బరు దిమ్మ వెయ్యమన్నాడు. ఎడమ భుజం ఎముక ఎప్పుడో విరిగి అతికిందంట, దెబ్బ తగలకూడదంట. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఎల్డన్‌కి ఎముకెప్పుడు విరిగిందే?"

ఎల్డన్‌కి ఎప్పుడూ విరగలేదు. విరిగింది నీకు. నాన్న ఎర్ర గుర్రం మీంచి నువ్వు వాగులో పడితే, నిన్ను వీపున వేసుకుని ఇంటి దాకా మోసింది నేను. దారంతా నా మెడ తడిసేలా ఏడ్చావు. "అక్కా, నన్ను దింపెయ్యకే" అన్నావు.

నా మొహం చూసి ట్రూడీ నోరు టక్కున మూసుకుంది. ఆ నోరు మూతపడగా చూడడం నాకు అదే మొదలు. "నోరీన్, నేనేమీ అనలేదే" అంది. "నువ్వేమీ అనలేదులే, ఆ తాడిటివ్వు" అన్నాను.

ఇంటికొచ్చి ఆ తాడుని నీ స్వెటర్ కుడిచేతి మీద పెట్టాను. నీ చేతుల పొడుగు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు కదా, ఏటేటా అల్లేది నేనే కదా. మోచేతి దగ్గర నుంచి, అంచు దాటి నీ వేలుండే చోటి దాకా చక్కగా సరిపోయింది. ఎడమచేతివాటం, కళ్లజోడు, అతికిన భుజం, అన్నీ నీవే. ఎడమచెయ్యి అల్లుతున్న సూదులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి.

కూర్చుని ఏడ్చానే మార్లిస్. వాడి కోసం ఏడవలేదు. మగాళ్లు పోతుంటారు, వస్తుంటారు, మన అమ్మని వదిలి ఎన్నిసార్లు పోలేదు? నీ కోసం ఏడ్చాను. ముసలి కుక్క వచ్చి మోకాళ్ల మీద తల పెడితే దాన్ని కూడా తన్నబోయాను. అంతలా ఏడిపించావు నన్ను.

తరవాత కళ్లు తుడుచుకుని ఆలోచిస్తే నీ మీద జాలేసింది, నిజం. చిన్నప్పటి నుంచీ నేను తొడిగి వదిలేసినవే కదా నీకు. నా గౌన్లు, నా జీను, నా బూట్లు. బూట్ల లోపల అమ్మ 'నోరీన్' అని నా పేరు కుట్టేది. అవి నీకొచ్చేసరికి కూడా ఆ పేరు అలాగే ఉండేది, బడిలో పిల్లలు ఎగతాళి చేస్తే నువ్వు గుక్కపెట్టి ఏడ్చేదానివి. ఇన్నాళ్లకి, ఈ వయసులో, అచ్చంగా నీ కొలతకి ఒక వస్తువు తయారవుతోంది. దాన్ని నేనెందుకు చెడగొడతాను? మర్నాడే ట్రూడీ దగ్గరికి వెళ్లి, "ఈ తాడు ప్రకారమే కొయ్యి, గీత కూడా తేడా రాకూడదు. దిమ్మ ఉన్నవాటిల్లోకెల్లా మెత్తనిది వెయ్యి. తోలు పట్టీ మీద పూలు కూడా చెక్కించు" అన్నాను.

ఆవిడ నా వంక అదోలా చూసింది. "అడుగున ఇత్తడి రేకు మీద పేరు చెక్కాలి. ఎల్డన్ తరవాత చెబుతానన్నాడు" అంది.

"నేను చెబుతాలే" అని పేరు రాసిచ్చాను.

చదివి సిగరెట్టు ఆర్పేసింది. "నువ్వు చాలా చెడ్డదానివే నోరీన్" అంది.

"ఈ మధ్యే అయ్యాను" అన్నాను.

ఇంక దాచి ప్రయోజనం లేదు, ఉన్నమాట చెప్పేస్తాను. ఈ ఉత్తరం టపా సంచిలో నీకు చేరిందంటే మీ బావ నీ బల్ల దగ్గర కూర్చుని నీ కాఫీ తాగుతూ ఉంటాడు. మొహం మార్చకు. నీకు దాచడం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి. కాన్వాసులో చుట్టి కుట్టేసిన పొడుగాటి మూట గోడకి ఆనించి, నువ్వెప్పుడు విప్పుతావా అని నీ వంకే చూస్తుంటాడు. లోపల ఏముందో పూర్తిగా ఆయనకీ తెలియదు. దుమ్ము పడుతుంది, పైకి చేరేదాకా విప్పకు అని ట్రూడీ చెప్పింది. ఆవిడ అబద్ధమాడగా వినడం కూడా నాకు అదే మొదలు. ఆ మూట తెస్తూ నాతో ఏమన్నాడో తెలుసా? "పైన కొండ మీద గురి సరిచూసుకొస్తానే."

విప్పు. భుజాన పెట్టుకో. కళ్లు మూసుకుని ఎత్తి, తరవాత తెరిచి చూడు, దుర్భిణి సరిగ్గా నీ కంటికి ఎదురుగా ఉంటుంది. అంత బాగా కుదిరింది. తిప్పి అడుగున ఇత్తడి రేకు చదువుకో. 'నోరీన్' అని ఉంటుంది. బోల్టు కోసం వెతక్కు, ట్రూడీ మూట కుట్టకముందే తీసేశాను, అది నా దగ్గరుంది. పొయ్యి పక్కన మేకు కొట్టి దాన్ని వేలాడదీశాను, మసిగుడ్డ తగిలించుకోవడానికి బాగుంది.

స్వెటర్ కూడా అప్పుడే అందులో చుట్టాను. ఎడమచెయ్యి మోచేతి దాకానే ఉంటుంది, ఆ తాడు ముక్క దానికే కట్టాను. అంత ఎత్తున చలి ఎక్కువని తెలుసు.

గాడిదల్లో బిషప్ ఉంది కదా, దాని మీద ఒక పక్క నీ పిండీ, బంగాళాదుంపలూ, బీన్సూ ఉన్నాయి. రెండో పక్క పెట్టెలో మీ బావ చొక్కాలు, చలికోటు, గడ్డం గీసుకునే సామాను, వాళ్ల నాన్న ఫోటో, మోకాలికి రాసుకునే మందు. నేనే సర్ది మేకులు కొట్టాను. పొద్దున బయల్దేరే ముందు రెండు పెట్టెలూ ఆయనే తూచాడు. "భలే సమానంగా సర్దావే!" అని నా బుగ్గ మీద ముద్దు పెట్టి, తన బట్టల పెట్టెకి తనే తాళ్లు బిగించుకుని తోలుకెళ్లాడు. టపా సంచి కోసం మధ్యాహ్నం దాకా పోస్టాఫీసు దగ్గరే ఆగుతాడు, ఆలోపు ఇది అందులో వేయించేస్తాను.

మంచు పడగానే నీ అద్దాల గదికి తాళం వేసేస్తారు. ఏటా చలికాలం ఇక్కడే గడిపేదానివి, నీ గది అలాగే ఉంటుందని అనుకుంటున్నావేమో. ఈ ఇంటి తాళాలు మార్చేశాను. చేతిలో పేలని తుపాకీ, పక్కన నేను వాడి వదిలేసిన మొగుడూ ఉన్నారు, ఎక్కడికి పోతారో మీ ఇష్టం. ఆయనకి గురక ఎక్కువ, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టు. ఆ మాత్రం చెప్పకపోతే అక్కనెలా అవుతాను?

గాడిదలు మాత్రం నావి. రేపు పొద్దున వాటికి నీళ్లు పెట్టి, తాళ్లు విప్పి వదిలెయ్యి. ఎవరూ తోలుకురానక్కర్లేదు, వాటికి ఏ ఇల్లు తమదో తెలుసు.

ఇట్లు,
ఎల్డన్‌కి పెళ్లాంగా ఉండడం మానుకున్నా, నీకు అక్కగా ఉండడం ఎలా మానాలో తెలియక చస్తున్న
నోరీనక్క