పుట్టని ఊళ్ళో పుట్టిన అవ్వ సెఫాకోర్‌ను పాతిపెట్టనివ్వమని

జిల్లా భూముల అధికారి గారి సముఖమునకు, డోవికోపె గ్రామస్థుల తరఫున, జిల్లా కళాశాల గ్రంథపాలకుడు సెనాను అహియబోర్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

తమరు ఒక ఊరిని బొటనవేలితో చంపారు. కుర్చీలోంచి లేవలేదు, ఒక్క ఫైలు తెరవలేదు. ఫోను తెరమీద వేలు పైకి జరిపారు, కిందికి జరిపారు. నలభై మూడు ఇళ్ళు పోయాయి.

విషయం: డోవికోపె ఊరు 1971లో పుట్టినదని తమరిచ్చిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి, మరియు, ఆ ఊళ్ళో 1934లో పుట్టి, ఏడు వారాలుగా జిల్లా ఆసుపత్రి శవాల గదిలో ఉన్న అవ్వ సెఫాకోర్‌ను ఆ ఊరి మట్టిలో పెట్టనిచ్చుట గురించి.

1. స్వాతంత్ర్యానికి, అనగా 1957కు, ముందునుంచి ఉన్న ఊళ్ళకే సరస్సులోని ఉప్పుమీద, ఒడ్డున ఉన్న శ్మశానంమీద హక్కు కలదని తమ శాఖ నిబంధన. తర్వాత వచ్చినవారు ఆక్రమణదారులు. వారి జాగా ఉప్పు కంపెనీకి చెందును. ఫిబ్రవరి విచారణలో అవ్వ సెఫాకోర్ తమ ఎదుట నిలబడి, తన తాత డోవి మొదలు ఆ శ్మశానంలో ఉన్న పదకొండు మంది పేర్లు వరసగా చెప్పినది. తమరు ఫోను చూపించారు.

"ఇందులో 1971 అని ఉందవ్వా. పక్కన చిన్న నంబరు కూడా ఉంది చూడు. అంటే రుజువున్నట్టు. నీ వయసులో సంవత్సరాలు గుర్తుండవులే."

"నీ వయసులో మర్యాద గుర్తుండదా బాబూ?" అని ఆమె అడిగినది. హాలంతా నవ్వినది. ఆ నవ్వుకు తమరు కక్ష తీర్చుకున్నారని నా ఆరోపణ. మూడోనాటికి ప్రతి గోడమీదా ఎర్రరంగుతో "తొలగించుము" అని రాయించారు.

2. ఉత్తర్వులో "రెండు స్వతంత్ర ఆధారములు" అన్నారు. ఒకటి, ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వం. రెండోది, సరస్సు తీరపు ఊళ్ళమీద ప్రొఫెసర్ క్వాషివి డోగ్బే రాసిన పుస్తకం. నేను ప్రొఫెసర్ గారింటికి వెళ్ళాను. ఆయన భోజనం చేస్తున్నారు.

"1971 ఎక్కడిదండీ?"

"ఎక్కడో చూశానయ్యా."

"ఎక్కడ?"

"ఆన్‌లైన్లో ఉందిగా! అందరికీ తెలిసిందే. కూర్చో, అక్ప్లె తిందువుగాని."

పుస్తకం అచ్చయ్యాక, ఎవరో పుణ్యాత్ముడు అదే పుస్తకాన్ని తెచ్చి సర్వస్వంలోని ఆ వాక్యానికి మూలంగా తగిలించాడు. తమ ఫోనులో కనబడిన చిన్న నంబరు అదే. వాక్యం పుస్తకాన్ని కన్నది, పుస్తకం వాక్యాన్ని కన్నది. తమరు వాటిని ఇద్దరు సాక్షులుగా లెక్కపెట్టారు.

3. అవ్వ మాటలు రికార్డు చేసి, సర్వస్వంలోని డోవికోపె పేజీలో నేను చేర్చితిని. గంటలోపల తీసివేయబడినవి. తీసివేసినది అకోర్ఫా, విశ్వవిద్యాలయంలో చరిత్ర అధ్యాపకురాలు, ఒకప్పుడు నా దగ్గరే ఈ రాసే, దిద్దే పని నేర్చుకున్న పిల్ల. ఫోను చేశాను.

"ఎందుకు తీశావే?"

"మూలం లేని మాట చెత్తబుట్టకి అని నేర్పింది మీరే కదా సార్."

"మూలం బతికే ఉంది. చేపలు ఆరబెడుతోంది. వచ్చి అడుగు."

"బతికున్న మనిషి మూలం కాదు సార్. అచ్చులో ఉందా?"

ఈ జవాబు అవ్వకు చెప్పాల్సి వచ్చినది. చేపలు తిరగేస్తూనే వినినది. "నన్ను కన్నప్పుడు మా అమ్మ అచ్చు వేయించలేదు నాయనా," అని, "అది సరే, ఆ 1971 రాసిందెవడు?" అని అడిగినది. తెలియదవ్వా అన్నాను.

4. జూన్‌లో అవ్వ చనిపోయినది. ఇక్కడ ప్రకటన లేని చావు లేదు గనుక, పిల్లలు పేపర్లో ఫొటోతో వేయించారు: "1934లో డోవికోపెలో జన్మించి..." నేను ఆ పేపరు ముక్కను సర్వస్వంలో మూలంగా పెట్టాను. ఈసారి నిలిచినది! తొంభై ఒక్క ఏళ్ళు మాట్లాడితే చెల్లని మనిషి, నోరు మూతపడ్డ తొమ్మిదోనాటికి ఆధారం అయ్యింది.

అకోర్ఫా తనే ఫోను చేసినది. "పేపర్లో వచ్చింది కాబట్టి ఉంచాను సార్. 1971 మాత్రం తీయలేను. దానికి పుస్తకం ఉంది."

"ఇంకా ముప్పై ఏడేళ్ళకు గాని పుట్టని ఊళ్ళో ఆవిడ ఎలా పుట్టిందే?"

"ఏది తప్పో తేల్చడం మన పని కాదు సార్. రెండూ రాస్తాం."

ఇప్పుడా పేజీలో రెండూ ఉన్నవి. తమకు మాత్రం ఒకటే కనబడుచున్నది. శవాన్ని తెస్తే, కంపెనీ శ్మశానం చుట్టూ వేసిన కంచె గేటు దగ్గర కాపలావాళ్ళు తమ ఉత్తర్వు చూపించి వెనక్కి పంపారు. పెట్టెతో సహా.

5. 1971 రాసినది నేను.

తొమ్మిదేళ్ళ క్రితం మా గ్రంథాలయంలో, ఈ సర్వస్వంలో రాయడం నేర్పే శిక్షణ శిబిరం నడిపాను. పది మార్పులు చేసినవారికి చొక్కా. నావి తొమ్మిదయ్యాయి. డోవికోపె పేజీలో "స్థాపన" అన్న గడి ఖాళీగా ఉన్నది. ఇరవై ఆరేళ్ళు పుస్తకాల పట్టికలు నింపినవాడికి ఖాళీ గడి కనబడితే చెయ్యి ఆగదు. ఆ పేజీలోనే బడి ఫొటో ఉన్నది. గోడమీద సిమెంటు అంకెలతో 1971. బడి పుట్టిన ఏడును ఊరికి తగిలించి, చొక్కా తొడుక్కుని, అన్నం తిని ఇంటికి వెళ్ళాను. పడవెక్కితే ఆ ఊరు ఇరవై నిమిషాలు.

ఇది చెప్పినా అకోర్ఫా ఒప్పుకోలేదు: నా తప్పుకు నా మాట మూలం కాదట. అవ్వకు చెప్పలేదు. ఆమె అడిగినా చెప్పలేదు. నేను నీచుణ్ణి. అయితే నా అబద్ధం తొమ్మిదేళ్ళు ఎవరి గోడా ముట్టుకోలేదు. దానికి ఎర్రరంగు డబ్బా ఇచ్చినది తమరు.

ఆ చొక్కా జతపరచడమైనది. దానిమీద "జ్ఞానం అందరిదీ" అని అచ్చువేసి ఉన్నది. అచ్చు గనుక తమరు నమ్మవచ్చును.

మనసుంటే చిత్తగించవలెను, లేకున్నను చిత్తగించవలెను.

నిన్నటివరకు తమ విధేయుడు,
సెనాను అహియబోర్

తా.క. కోరికలు:

1. 1971 ఉత్తర్వు రద్దు చేయాలి.

2. నలభై మూడు గోడలమీది ఎర్ర రాతలను, రాసిన మనుషులే వచ్చి కడగాలి.

3. ఈ అర్జీని తిరస్కరించేటట్లయితే నోటితో కాదు, గెజెట్టులో అచ్చువేసి తిరస్కరించాలి: "1934లో డోవికోపెలో పుట్టిన సెఫాకోర్‌ను డోవికోపెలో పాతనివ్వము" అని, ఆ మాటల్లోనే. మూలంగా పెట్టుకుంటాను.

4. శనివారం ఉదయం తొమ్మిదింటికి కంచె గేటు తీసి ఉండాలి.

5. తమరు రావాలి. గుప్పెడు మట్టి వేయాలి. ఫోను తేకూడదు.