ఈడే ఉండానమ్మా

మదనపల్లె, 1983, ఆదివారం

గెలిచాను! హాల్లో నలభై మంది కూడా లేరు, అయినా గెలిచాను.

కుప్పంలో తీసిన మా సినిమాలో, తప్పిపోయిన కొడుకునని నమ్మించి ఒక కోస్తా ఇంట్లో చేరిన మోసగాడి వేషం నాది. మాటంతా వాళ్ల యాసలోనే ఉండాలి. చివరి సీన్లో ఆ తల్లి "ఎక్కడున్నావురా?" అని పిలిస్తే, నోరుజారి మా ఊరి యాసలో "ఈడే ఉండానమ్మా" అనేశాను. తప్పు నాదే. మోసగాడు ఆ మాటతోనే దొరికిపోతే బాగుంటుందని డైరెక్టరు డబ్బింగులోనూ అదే ఉంచాడు. ఈరోజు ఆ మాటకి ఈలలే ఈలలు!

పుంగనూరు నుంచి వచ్చిన అమ్మ మాత్రం, "సినిమా అంతా ఎవురో మాట్లాడినారప్పా. నువ్వు మాట్లాడింది ఆ ఒక్క మాటే" అంది.

బస్సెక్కిస్తూ, "జాగ్రత్తగా వెళ్లమ్మా" అన్నాను.

అమ్మ నవ్వింది. "మళ్లా వచ్చినాడే ఆ కోస్తా వాడు!"