బండి బాగుచేసింది నేను

ఒహాయో, ఆదివారం

అమ్మా,

నేను క్షేమంగానే ఉన్నాను, ఎక్కడా పడలేదు. ముందు నాన్నకి ఆ మాట చెప్పు.

కోపంతో ఒళ్లు మాత్రం ఇంకా మండిపోతోంది. డెబ్బై నాలుగులో నాన్న మట్టిదారి పందేల్లో నడిపిన మోటోక్రాస్ బండిని చలికాలమంతా గరాజ్‌లో కూర్చుని విప్పి, ఇంజను మళ్లీ కట్టి, షాక్ అబ్జార్బర్లు మార్చి పాత బండ్ల పందేనికి సిద్ధం చేసింది నేనేగా? పందెం ముందు బండ్లు తనిఖీ చేసే పెద్దమనిషి నా మొహమైనా చూడకుండా మా ఆయన్ని అడిగాడు.

"పనితనం అదిరింది గురూ! ఎన్నాళ్లు పట్టింది?"

"నాకు స్పానర్ పట్టుకోవడమే రాదండీ, అంతా లోర్నా చేసింది" అన్నాడు వెండెల్.

ఆ మనిషి పకపకా నవ్వి, "జాగ్రత్తగా నడుపమ్మా, పడేస్తే మీ ఆయన కష్టమంతా మట్టిపాలు!" అన్నాడు నాతో.

పందెంలో మూడో స్థానంలో వచ్చాను. చూస్తే ఫలితాల బోర్డు మీద 'బండి తయారీ: వెండెల్' అని ఉంది! సుద్దముక్క లాక్కుని చెరిపేసి, నా పేరు పెద్దక్షరాలతో రాసి వచ్చాను.

నాన్నకి తుంటి నొప్పి తగ్గిందా? పాత క్లచ్ ప్లేట్లు పారేయకు, నాకు కావాలి. రోడా అత్తయ్యని అడిగానని చెప్పు.

గెలిచిన కప్పు పార్సిల్లో పంపుతున్నాను. నాన్న చేతికిచ్చి, చట్రం మీద ఆయన వేసిన అతుకు ఒక్కటి కూడా కదిలించలేదని చెప్పు.

నీ లోర్నా