తోక మాటలు

అక్కా,

అమ్మ బాగానే ఉందని ఫోన్‌లో నేను చెప్పింది అబద్ధం. పక్కనే వింటోందని అలా అన్నాను.

పక్షవాతం వచ్చి నెల దాటింది. ఒక్క మాటా రావడం లేదు, ఆ తోక మాటలు తప్ప. మూడో తరగతి పిల్లలకి ముప్ఫై ఏళ్ళు చెప్పింది చూడు, చివర ఒకే అక్షరాలుండే ఇంగ్లీషు మాటల పాఠం! లైట్ అంటే వెలుతురు, నైట్ అంటే రాత్రి, సైట్ అంటే చూపు, ఫైట్ అంటే పోట్లాట. దాహమేసినా అదే, ఆకలేసినా అదే. మాటమాటకీ ఆగి, నేను తిరిగి అనేదాకా చూస్తుంది. అనకపోతే మళ్ళీ మొదటినుంచీ మొదలు.

నిన్న ఏడుస్తూ, గొంతు పెంచి మరీ చెప్పింది. నీళ్ళిచ్చాను, దిండు సర్దాను, ఫ్యాన్ తగ్గించాను. గంట తర్వాత దుప్పటి తీసి చూస్తే, కదలని చెయ్యి ఒంటి కింద నలిగి వాచిపోయి ఉంది. ఆ గంటసేపూ నేను బుద్ధిగా "లైట్ అంటే వెలుతురు" అంటూ కూర్చున్నాను అక్కా.

"బట్టీ పట్టినవే మిగులుతాయమ్మా, ఓపిక పట్టండి" అంటాడు డాక్టరు. ఎవరి ఓపికో చెప్పడు.

నిన్ను రమ్మనడం లేదు, నీ ఇబ్బందులు నీకుంటాయి. ఒక్కటి రాయి చాలు. నేను చదివింది వేరే బడి, అమ్మ క్లాసులో కూర్చున్నది నువ్వు. ఆ పాఠం ఎలా ముగించేది? పుస్తకాలు మూయమనేదా, ఏమైనా అనేదా? "చాలమ్మా, పడుకో" అంటే అల్లరిపిల్లని చూసినట్టు చూస్తోంది. మాటలన్నీ అయిపోయాక కూడా ఇంకేదో కోసం వెతుక్కుని, దొరక్క, మళ్ళీ లైట్ దగ్గరికే వెళ్తోంది.

క్లాసు వదలాలి అక్కా. ఎలా వదలాలో అమ్మకి గుర్తు లేదు, నాకు తెలీదు.

నీ చెల్లెలు