హ్యాండ్‌బ్రేకూ, పదకొండు కొబ్బరికాయలూ

జూలై 6, ఆదివారం

ఉద్యోగం వచ్చింది! సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీ. ప్యాకింగ్ సెక్షన్‌లో ఇన్‌స్పెక్టర్. ఆగస్టు 4, సోమవారం, పొద్దున ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. పాత కంపెనీ మూసేశాక రెండేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను. టీవీ సీరియల్స్‌లో అత్తగార్లకి క్వాలిటీ చెకింగ్ చేస్తూ బతికాను. ఆఫర్ లెటర్ చూసి నిజంగానే ఏడ్చాను. నలభై ఆరేళ్ళ మనిషికి మళ్ళీ ఎవరిస్తారు?

ఒకటే చిక్కు. వాళ్ళ బస్సు మా బీరంగూడ వైపు రాదు. ఫారంలో ఓన్ కన్వేయన్స్ ఉందా అని ఉంటే ఉంది అని టిక్కు పెట్టేశాను. అబద్ధమేం కాదు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో తెల్ల కారుంది. నాకు లైసెన్సుంది. మధ్యలో మా ఆయన ఉన్నారు.

సత్తిబాబుగారు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ప్లానర్. మెషిన్ చెడకముందే దాన్ని ఎలా కాపాడాలో చార్టు గీయడం ఆయన పని. ఆ చార్టులు ఇంటికీ వచ్చాయి. మిక్సీకొకటి, గీజర్‌కొకటి. కారుది పార్కింగ్‌లో స్తంభానికి అంటించి ఉంటుంది. కారు కొని రెండేళ్ళు. తిరిగింది 2,140 కిలోమీటర్లు. నడిపితే బ్రేకులు అరిగిపోతాయట.

జూలై 7

కారు అడిగాను. చూద్దాంలే అన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈయన చూద్దాం అన్నది ఒక్కటీ చూడలేదు.

జూలై 13, ఆదివారం

కారు కడిగే రోజు. పైపు పెట్టి చక్రాల లోపలికంటా నీళ్ళు కొడతారు. మా పెళ్ళిలో ఈయన కాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా కడగలేదు మా నాన్న. తర్వాత పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా, స్టీరింగ్ పట్టుకుని గంభీరంగా కూర్చుంటారు. ఆఖర్న హ్యాండ్‌బ్రేక్ రెండు చేతులతో పైకి లాగుతారు. ఆ కిర్రు కిర్రు రెండో ఫ్లోర్‌లో మా వంటింట్లోకి వినపడుతుంది. తడి ఆరకుండానే కవర్ కప్పేస్తారు. మళ్ళీ ఆదివారం దాకా అంతే.

మొదట్లో ఇలా లేరు. పోయిన కార్తీకం దాకా వారానికోసారైనా నడిపేవారు. ఒక సోమవారం పొద్దున్నే ఒక్కరే బీరంగూడ గుట్ట మీద గుడికి వెళ్ళి, పదకొండు కొబ్బరికాయలతో తిరిగొచ్చారు. ఇన్నెందుకండీ అంటే, ప్రసాదం, ఎక్కువ ప్రశ్నలేయకు అన్నారు. ఆ నెలంతా కొబ్బరి పచ్చడి, కొబ్బరి అన్నం, కొబ్బరి లౌజు. ఆ రోజు నుంచే కారు గేటు దాటలేదు.

జూలై 16, బుధవారం, ఉదయం 11

ఈయన డ్యూటీకి వెళ్ళారు. కారు తాళంచెవి బియ్యం డబ్బాలో దాచారు. అన్నం వండేది నేనని మర్చిపోయారు పాపం.

ఒక్క రౌండు వేసి చూద్దామని కిందకి దిగాను. కవర్ తీశాను. స్టార్టయింది. హ్యాండ్‌బ్రేక్ దించడానికి నాకూ రెండు చేతులు కావాల్సొచ్చాయి. ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాను. కారు మూలిగింది, వెనక భాగం కిందకి కూర్చుంది, కదల్లేదు. ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కాను. కాలిన వాసన వచ్చింది. ఆగిపోయింది. దిగి చూస్తే కుడివైపు వెనక చక్రం తిరగనే లేదు, బెత్తెడు మేర ఈడ్చుకుపోయి నేల మీద ఒక నల్లగీత గీసింది.

చచ్చాను. విరగ్గొట్టాను. పంతొమ్మిది రోజుల్లో ఉద్యోగం, నేనేమో ఉన్న ఒక్క కారూ పాడుచేసి కూర్చున్నాను.

అదే రోజు, సాయంత్రం 7

చెప్పేశాను. దాచడం నా వల్ల కాదు.

అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితం తీశారు. వాళ్ళ ఫ్యాక్టరీలో ఏది చెడినా అయిదుసార్లు ‘ఎందుకు’ అని రాయాలట. అయిదో జవాబు దగ్గర అసలు కారణం దొరుకుతుందట. డైనింగ్ టేబుల్ మీద, నా ఎదురుగానే రాశారు. కారు ఎందుకు కదల్లేదు? చక్రం పట్టేసింది. ఎందుకు పట్టేసింది? తప్పుగా నడిపారు. ఎందుకు తప్పుగా నడిపారు? ప్రసన్నకి (అంటే నాకు) డ్రైవింగ్ రాదు. రానప్పుడు ఎందుకు నడిపింది? చెప్పిన మాట వినదు. ఎందుకు వినదు?

అక్కడ తలెత్తి నా మొహం చూశారు. పెన్ను క్యాప్ పెట్టేశారు. అయిదోది ఖాళీ.

తర్వాత కిందకి వెళ్ళి స్టీరింగ్‌కి ఫ్యాక్టరీ ఎర్ర ట్యాగు కట్టి వచ్చారు. డూ నాట్ ఆపరేట్. కింద సంతకం, తేదీ. నా కారుకి, నా ఇంట్లో!

జూలై 17

ట్యాగు చూసి మా వాచ్‌మన్, కారును బ్యాంకోళ్ళు జప్తు చేసిన్రా అమ్మా అని మెల్లగా అడిగాడు.

జూలై 18, శుక్రవారం

హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్. పార్కింగ్ పాస్‌కి కారు నంబర్ కావాలట. చెప్పాను. నంబరైతే ఉందిగా.

జూలై 20, ఆదివారం

నర్సన్న వచ్చాడు. పటాన్‌చెరులో మెకానిక్, అరవై దాటినవాడు, సుత్తి సంచితో మోపెడ్ మీద వచ్చాడు. ఈయన మొదట ట్యాగు కట్టిన కారు ముట్టుకోవడానికి పర్మిట్ మీద సంతకం పెట్టమన్నారు. నర్సన్న కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, నేను బ్రేకులు జూడనీకి వచ్చిన సార్, భూమి రిజిస్ట్రేషన్‌కు రాలే అన్నాడు. అయినా పెద్ద మనసుతో పెట్టాడు. గ్రీజు వేలిముద్రతో సహా.

చక్రం విప్పాడు. లోపల బ్రేక్ డ్రమ్, ఇనప గిన్నె బోర్లించినట్టుంది. దాని చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి, తట్టి, తట్టి, టప్పున ఊడదీశాడు. లోపలంతా ఎర్రటి తుప్పు. చక్రాన్ని పట్టి ఆపే కొడవలి వంపు ముక్కలు, బ్రేక్ షూలు, ఆ తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుపోయాయట.

ఈయన వెంటనే, మా ఆవిడ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడం వల్లే కదా అన్నారు. నర్సన్న షూ చేతిలోకి తీసుకుని ఈయన ముక్కు కింద పెట్టాడు. సూడున్రి సార్, పొర జెర గూడ అరగలే, షోరూమ్‌ల ఎట్లిచ్చిన్రో గట్లనే ఉంది, మేడమ్‌ది ఏం తప్పు లేదు అన్నాడు. చిన్న కారుకు బ్రేకు బరువంతా ముందు చక్రాలే మోస్తయట. ఎనక బ్రేకులు అరుగుడు తక్కువ, నిలవెడితే తుప్పు వట్టుడు ఎక్కువట. దినాం నడిపే ఆటోవోళ్ళ బ్రేకులు అరుగుతయి, మీరేమో కడిగి కడిగి, బ్రేకు గుంజి, తడిమీద కప్పి పెట్టిన్రు, గిట్ల జేస్తే ఇనుము ఏంజేస్తది పాపం అన్నాడు.

నాకు నర్సన్న కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. టీ ఇచ్చాను. పకోడీలు కూడా వేశాను.

తుప్పు గరుకు కాగితంతో రుద్దాడు. తడిగుడ్డతో తుడిచాడు. షూలు వెనకున్న రేకు పళ్ళేనికి రాసుకునే చోట్ల చిటికెడంత గ్రీజు. పొర మీద ఒక్క చుక్క పడినా బ్రేకు పట్టదట. రెండో వైపూ అంతే. ఇక ముందు ఏం చేయాలని ఈయన నోట్‌బుక్ తీశారు. వారంల రెండు మూడు దినాలు నడపాలె. కడిగినంక ఓ గల్లీ తిప్పి నాలుగైదు సార్లు బ్రేకు కొట్టాలె, లోపలి నీళ్ళు ఆరిపోతయి. చదునుమీద రోజులకొద్ది నిలవెడితే హ్యాండ్‌బ్రేక్ గుంజొద్దు, గేర్‌ల పెట్టి చక్రం కింద రాయి పెట్టాలె. ఎత్తుమీద మాత్రం గుంజాలె. కేబుల్ గట్టిగున్నదో లేదో, ఓ సారి బీరంగూడ గుట్ట ఎక్కిచ్చి చూసుకోన్రి.

గుట్ట మాట వినగానే ఈయన రాయడం ఆపేశారు. మొహం తెల్లబోయింది. నాకు అర్థం కాలేదు.

జూలై 23

ట్రయల్ రన్ అయితే గానీ ట్యాగు తీయరట. ట్రయల్ రన్‌కి గుట్టకి రారట. ఇంకా పన్నెండు రోజులు. కూరలో ఉప్పు వేయలేదు కావాలనే.

జూలై 27, ఆదివారం

శ్రావణం వచ్చింది, గుడికి వెళ్దాం, నేనే నడుపుతాను, రాకపోతే నర్సన్నని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తాను అన్నాను. నర్సన్న పేరు పనిచేసింది. ట్యాగు విప్పి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పక్క సీట్లో కూర్చున్నారు. దారంతా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. కింద మ్యాట్ మడతలు పడింది.

గుట్ట మొదట్లో ఎత్తు ఎక్కుతున్నాం. కొబ్బరికాయల బండి దగ్గర ఒకావిడ మా కారు చూసింది. చూసిందే తడవు, వామ్మో గా తెల్లకారు సార్ మల్ల వచ్చిండు అని కేకేసి, బండిని రోడ్డుకి అడ్డంగా ఈ పక్క నుంచి ఆ పక్కకి లాక్కుపోవడం మొదలుపెట్టింది. నేను బ్రేకేసి ఆగాను. కిటికీ దించాను. ఆవిడ పేరు ముత్యమ్మ. నన్ను చూసి నెమ్మదించింది. నువ్వు నడుపుతున్నవా బిడ్డా, గట్లయితే ఫికర్ లేదు అంది. పోయిన కార్తీకంలో ఈ సారు ఎత్తుమీద బ్రేకు వదిలి ఎనక్కి జారి, ఆవిడ బండిని గుద్దాడట. కాయలు గుట్ట కింద దాకా దొర్లాయట. పగిలినవి పగలంగ పదకొండు మిగిలినయి, అన్నీ నేనే కొంటనని పట్కపోయిండు, మొహం సూస్తే నాకే పాపమనిపిచ్చింది అంది.

పక్కకి తిరిగి చూశాను. ఈయన ట్యాగుకేసి చూస్తున్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

కోపం రావాల్సింది. ఎనిమిది నెలలు బ్రేకుల మీదా, చివరికి నా మీదా నెట్టారు. కానీ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ రోజు వెనక ఒక చిన్నపిల్ల నిలబడి ఉందని అప్పుడు చెప్పారు ఈయన. అడుగు దూరంలో ఆగిందట కారు. బండి అడ్డు లేకపోతే ఏమయ్యేదో అని, ఎనిమిది నెలలుగా హ్యాండ్‌బ్రేక్ లాగినప్పుడల్లా ఆ పిల్లే కనపడుతోందట. రెండు చేతులతో లాగేది అందుకట. ఒక్క మాట నాతో అనుంటే ఏం పోయేది?

ముత్యమ్మ బండి జరిపింది. నేను ఎత్తు మధ్యలోనే హ్యాండ్‌బ్రేక్ లాగి ఉన్నాను. ఒక్క అంగుళం జారలేదు. క్లచ్ మెల్లగా వదిలి, ఇంజన్ బరువు పట్టుకున్నాక బ్రేకు దించి, ముందుకి పోనిచ్చాను. ఎలా చేశావు అని అడిగారు. నాకు డ్రైవింగ్ రాదుగా, ఏమో అన్నాను.

ఇంటికొచ్చాక పాత కాగితం ఫ్రిజ్ మీద కనపడింది. నాలుగు జవాబులూ కొట్టేసి మళ్ళీ రాశారు. కదల్లేదు: తుప్పు. తుప్పు: తడి, హ్యాండ్‌బ్రేక్. హ్యాండ్‌బ్రేక్: కారు ఆపి ఉంచాను. ఆపి ఉంచాను: నడపలేదు. అయిదో ఎందుకు దగ్గర, చిన్న అక్షరాలతో, నాకు భయం.

కింద సంతకం, తేదీ. కాగితం పక్కనే తాళంచెవి.

ఆగస్టు 3, ఆదివారం

చక్రం కింద పెట్టడానికి రాయి కావాలి. ఈయన ఊరంతా వెతికి, ఏదీ కొలతకి సరిపోలేదని, ఆఖరికి మా అత్తగారు కాకినాడ నుంచి తెచ్చిన సన్నికల్లు పొత్రం తీశారు. సైజు కరెక్టుట. పసుపు వాసన వస్తోంది. దాన్ని పాత తువ్వాలులో చుట్టి, మర్చిపోతానని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టారు. వద్దన్నా వినలేదు. ఇప్పుడు మాట విననిది ఎవరో రాయమనండి కాగితం మీద.

ఆగస్టు 4, సోమవారం

8:12కి చేరాను. గేటు దగ్గర బ్యాగ్ స్కానింగ్. సెక్యూరిటీ అతను తెరమీదకి వంగి, వంగి, ఇంకొకర్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి నా బ్యాగులోంచి పొత్రం తీసి బల్ల మీద పెట్టారు. గిదేంది మేడమ్ అన్నారు. పార్కింగ్ బ్రేక్ అన్నాను. లోపలికి వెళ్ళాల్సింది మెడికల్ ప్యాకింగ్‌కి! వెనక పదిహేనుమంది క్యూ.

దాన్ని కారు దగ్గర వదిలొచ్చాను. 8:29కి పంచ్ పడింది. కొత్త కోటు, తలకి టోపీ, ముందు కదిలే బెల్టు మీద పరికరాల ప్యాకెట్లు. మొదటి గంటలోనే సీలు సరిగా పడక లీకయ్యేవి రెండు పట్టుకున్నాను. చేతులు మర్చిపోలేదు.

మధ్యాహ్నం మెసేజ్ పెట్టారు. బ్రేకు ఎలా ఉంది అని కాదు. నువ్వు ఎలా ఉన్నావు అని.

ఆగస్టు 10, ఆదివారం

ఈయన నడిపారు. గుట్ట. ముత్యమ్మ స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో చూసి బండి లాక్కుపోయింది. ఎత్తు మధ్యలో ఆపారు, ఒక్క చేత్తో హ్యాండ్‌బ్రేక్ లాగారు, కదిలారు. అంగుళం జారలేదు.

దిగి, వెళ్ళి, పదకొండు కొబ్బరికాయలు కొన్నారు.

రేపు నా క్యారేజీలో పచ్చడి.